టైటర్ 6 దగ్గరే ఆగింది, లోపం మా రక్తంలో ఉందా?

ప్రశ్న:

హన్మకొండ నుంచి ఒక స్టాఫ్ నర్సు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమె వయసు 28. ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తున్నారు. ఇప్పుడు ఐదో నెల గర్భిణి. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు మొదటి సంవత్సరంలో, అంటే ఎనిమిదేళ్ల కిందట, హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారు. అప్పుడు యాంటీబాడీ పరీక్ష ఎవరూ చేయలేదు. ఈ మధ్య ఆసుపత్రివాళ్లు స్టాఫ్ అందరికీ టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీ ఎంతుందో చెప్పే అంకె, చూస్తే ఆమెకు 2 వచ్చింది. ఒక డోసు వేసి, ఆరు వారాలాగి మళ్లీ చూస్తే 6. కావలసింది కనీసం 10. ఫైల్‌లో 'నాన్-రెస్పాండర్' (టీకాకు స్పందించని మనిషి) అని రాశారు. ఆ తర్వాత ఇంకే సూదీ వేయలేదు. డయాలసిస్ నుంచి మార్చేస్తారని తోటివాళ్లు అంటున్నారు. మారిస్తే అలవెన్సు పోతుంది.

కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న అన్నయ్య కూడా ఇదే టీకా వేయించుకున్న ఐదేళ్లకు పరీక్ష చేయించుకుంటే 4 వచ్చిందట. ఆమె తల్లిదండ్రులు సొంత బావామరదళ్లు. ఆమె భర్త మేనత్త కొడుకు. రిపోర్టు సంగతి ఇంట్లో తెలిశాక మేనత్త, అంటే అత్తగారు, 'మన రక్తంలనే ఏదో ఉన్నది బిడ్డా, రేపు పుట్టే పిల్లకు సూదులు పనిజేస్తయా' అని దిగులు పెట్టుకున్నారు. ఆమె అడిగినవి ఇవి: నా రోగనిరోధక శక్తే తక్కువా? మేనరికం వల్ల ఇలా అయిందా? బిడ్డకు ఇదే వస్తుందా? జన్యు పరీక్ష చేయించుకోవాలా? ఉద్యోగం విషయంలో ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఐదు ప్రశ్నలున్నా, వాటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ఫైల్‌లో రాసిన మాట ఇంకా పూర్తిగా నిజం కాదు. మీ అన్నయ్య విషయంలో అయితే అసలు తేలనే లేదు.

హెపటైటిస్ బి టీకా పనిచేసిందా లేదా అని చూడాల్సింది చివరి డోసు వేసిన 1 నుంచి 2 నెలల మధ్య. అప్పుడు మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టు. ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఈ అంకె పడిపోతూ ఉంటుంది. బాగా స్పందించినవాళ్లలో కూడా చాలామందికి కొన్నేళ్లకు 10 కిందికి దిగుతుంది. అంకె దిగినా జ్ఞాపక కణాలు ఉంటాయి, వైరస్ తగిలితే రోజుల్లో మళ్లీ యాంటీబాడీ తయారుచేస్తాయి. అందుకే ఐదేళ్ల తర్వాత 4 వచ్చిన మీ అన్నయ్యను నాన్-రెస్పాండర్ అనడానికి లేదు. ఆయన ఇప్పుడు ఒక్క డోసు వేయించుకుని, 1 నుంచి 2 నెలల మధ్య టైటర్ చూడాలి. అది 10 దాటితే మొదటి మూడు డోసులు పనిచేసినట్టే. 'అన్నకూ చెల్లెకూ ఇద్దరికీ లేదు, కాబట్టి ఇది వంశంలోనే ఉంది' అని మీ ఇంట్లో నడుస్తున్న మాటకు సగం ఆధారం ఆ పాత పరీక్షే. ఆ ఆధారం నిలబడుతుందో లేదో ఒక సూదితో తేలుతుంది.

మీ సంగతి వేరు. మీకు ఒక డోసు వేసి సరైన సమయంలోనే చూశారు, 6 వచ్చింది. అంటే మొదటి మూడు డోసులకు మీరు సరిగ్గా స్పందించలేదన్నమాట నిజం కావచ్చు. కానీ నాన్-రెస్పాండర్ అనే ముద్ర వేయడానికి రెండు కోర్సులు, మొత్తం ఆరు డోసులు పూర్తవ్వాలి. మీకు పడినవి నాలుగు. మొదటి కోర్సుకు స్పందించని ఆరోగ్యవంతుల్లో రెండో కోర్సు పూర్తిచేస్తే 30 నుంచి 50 శాతం మందికి రక్షణ వస్తుంది. మీకు 2 నుంచి 6కు కదిలింది కూడా. ఆ రెండు డోసులు వేయకుండా వదిలేయడమే ఇందులో జరిగిన పెద్ద పొరపాటు.

అయితే ఐదో డోసు కోసం రేపే చేయి చాపకండి. ముందు ఒక ట్యూబు రక్తం ఇవ్వండి. టైటర్ లేకపోవడానికి ఒక కారణం, వైరస్ అప్పటికే ఒంట్లో ఉండటం. దీర్ఘకాలంగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు ఎన్ని డోసులు వేసినా యాంటీబాడీ రాదు. మీ గర్భిణి కార్డులో హెచ్‌బీఎస్‌ఏజీ (వైరస్ ఒంట్లో ఉందా అని చూసే పరీక్ష) నెగెటివ్ అని ఉందని రాశారు, అది మంచి సంగతి. కానీ డయాలసిస్‌లో పనిచేస్తున్నారు కాబట్టి మళ్లీ ఒకసారి హెచ్‌బీఎస్‌ఏజీ, దాంతోపాటు యాంటీ-హెచ్‌బీసీ టోటల్ చేయించండి. ల్యాబ్ కౌంటర్ దగ్గర ఈ పేర్లు తరచూ తారుమారవుతాయి. యాంటీ-హెచ్‌బీఎస్ అంటే టీకా వల్ల వచ్చే యాంటీబాడీ, అంకెలో రిపోర్టు కావాలంటే 'క్వాంటిటేటివ్' అని రాయించాలి. హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ ప్రొటీన్. యాంటీ-హెచ్‌బీసీ అంటే ఎప్పుడైనా నిజమైన వైరస్ సోకిందా అని చెప్పేది, ఇందులో 'ఐజీఎం' ఒక్కటే చేస్తే పాత ఇన్ఫెక్షన్ తప్పిపోతుంది. రక్తం ఇచ్చాకే సూది వేయించుకోమనడానికి కారణం ఉంది: టీకాలో ఉన్నదీ అదే ప్రొటీన్ కాబట్టి, డోసు తర్వాత 18 రోజుల వరకూ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఉత్తుత్తి పాజిటివ్ చూపించవచ్చు. గర్భంతో ఉన్న మనిషికి ఆ ఒక్క కాగితం ఎంత కంగారు పెడుతుందో చెప్పక్కర్లేదు.

ఇక జన్యువుల దాకా వెళ్లకముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నర్సింగ్ కాలేజీలో ఆ సూదులు ఎక్కడ వేశారో గుర్తుందా? ఈ టీకా భుజం కండలో పడాలి. పిరుదుపై వేస్తే కండకు చేరకుండా కొవ్వులో ఉండిపోతుంది, యాంటీబాడీ తక్కువ వస్తుంది. భుజంలో వేసినా సూది పొట్టిదైతే అదే తేడా. పెద్దవాళ్లకు సాధారణంగా అంగుళం సూది వాడతారు, భుజం లావుగా ఉంటే అంగుళంన్నర. రెండోది, టీకా ఒకసారి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. అందులో అల్యూమినియం లవణం ఉంటుంది, ప్రొటీన్ దానికి అంటుకుని ఉంటుంది. గడ్డకట్టి కరిగితే ఆ లవణం ముద్దలుగా మారి శక్తి పోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వయల్‌ని ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టినా, ఐస్ ప్యాక్ మీద నేరుగా పెట్టినా ఇదే జరుగుతుంది. ఎండకంటే ఈ టీకాకు చలి ఎక్కువ ప్రమాదం. ఒక బ్యాచ్ విద్యార్థులందరికీ ఒకే పెట్టెలోంచి వేసి ఉంటే, మీ క్లాస్‌మేట్స్‌లో ఇంకా ఎవరికైనా తక్కువ వచ్చిందేమో కనుక్కోండి. నలుగురైదుగురికి తక్కువ వస్తే అనుమానించాల్సింది మీ జన్యువుల్ని కాదు, ఆ పెట్టెను. అధిక బరువు, పొగతాగే అలవాటు, షుగర్, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మందులు, 40 దాటిన వయసు కూడా స్పందనను తగ్గిస్తాయి. మీ ఉత్తరం చూస్తే ఇవేవీ మీకు లేవు.

ఇవన్నీ దాటాక మిగిలేదే జన్యువుల మాట. అది కల్పన కాదు. అది నిజంగా ఉంది కాబట్టే వివరంగా చెబుతున్నాను.

ఈ టీకాలో ఉండేది వైరస్ కాదు, దాని పైపొరలోని ఒక ప్రొటీన్. దాన్ని ఈస్ట్ కణాల్లో తయారుచేస్తారు. మన దేశంలో అలా తయారుచేసి 1997లో మొదట మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్. ఆ ప్రొటీన్ కండలోకి చేరగానే కొన్ని కాపలా కణాలు దాన్ని మింగి, చిన్న చిన్న ముక్కలు చేసి, తమ పైపొర మీదున్న హెచ్‌ఎల్‌ఏ అనే అణువుల గాడిలో పెట్టి టి-కణాలకు చూపిస్తాయి. టి-కణం ఆ ముక్కను గుర్తుపడితేనే బి-కణానికి సాయం అందుతుంది, యాంటీబాడీ తయారీ మొదలవుతుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలోంచి గుప్పెడు తీసి చేతిలో పెడితేనే ఖరీదుదారు ధర చెబుతాడు. ఆ గుప్పెడు చేతికి రాకపోతే బస్తాలో ఎంత మంచి సరుకున్నా బేరం మొదలు కాదు. హెచ్‌ఎల్‌ఏ చేసేది ఆ గుప్పెడు తీసి చూపించే పని.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోము మీద పక్కపక్కనే ఒక గుత్తిగా ఉంటాయి. మనుషుల్లో అత్యంత వైవిధ్యం ఉన్న జన్యువులు ఇవే. ప్రతి రకం గాడి ఆకారం కొంచెం వేరు, అందులో ఇమిడే ముక్కలూ వేరు. డీఆర్‌బీ1*03, డీఆర్‌బీ1*07 అనే రకాలున్నవాళ్లలో హెపటైటిస్ బి టీకాకు స్పందన తక్కువగా ఉండటం అనేక దేశాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. డీఆర్‌బీ1*01, *13, *15 వంటివి ఉన్నవాళ్లు బాగా స్పందిస్తారు. గాంబియాలో కవల శిశువుల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ టీకా యాంటీబాడీల్లో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో 77 శాతం వారసత్వానిదని లెక్కతేలింది. దీన్ని 'నా టైటర్ తగ్గడంలో 77 శాతం తప్పు జన్యువులది' అని చదవకూడదు. ఒకే వయసు పిల్లలకు, ఒకే టీకా, ఒకే పద్ధతిలో వేసినప్పుడు మిగిలే తేడా గురించి చెప్పిన లెక్క అది. టీకా పాడైతే, సూది కొవ్వులో పడితే ఆ లెక్క వర్తించదు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మీ రోగనిరోధక శక్తి తక్కువ కాదు. ఒక ప్రత్యేక ప్రొటీన్ ముక్కల్ని మీ గాడులు బాగా పట్టుకోలేకపోతున్నాయేమో, అంతవరకే. అవే గాడులు మరో వైరస్ ముక్కల్ని చక్కగా పట్టుకోవచ్చు. ఒక్కో టీకాకు ఒక్కో రకం కలిసొస్తుంది. 2023లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో కోవిషీల్డ్ రకం కోవిడ్ టీకాకు డీక్యూబీ1*06 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నవాళ్లలో యాంటీబాడీలు ఎక్కువగా వచ్చాయి. హెపటైటిస్ బి టీకాకు స్పందించనంత మాత్రాన తట్టు, రూబెల్లా, ధనుర్వాతం టీకాలు మీ మీద పనిచేయలేదని అర్థం కాదు. గర్భంలో ఇచ్చే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) సూదిని మానుకోవద్దు. మాటిమాటికీ నిమోనియా, చెవిలో చీము, మానని పుండ్లు వంటివి ఉంటే అప్పుడు రోగనిరోధక లోపం గురించి ఆలోచించాలి. మీరు అలాంటివేవీ రాయలేదు. ఒకటి మాత్రం చూసుకోండి. చపాతీ, బ్రెడ్డు తిన్నప్పుడల్లా కడుపుబ్బరం, విరేచనాలు, ఐరన్ మాత్రలు వేసుకున్నా తగ్గని రక్తహీనత ఉంటే డాక్టరుకు చెప్పండి. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు మూలమైన హెచ్‌ఎల్‌ఏ రకం కూడా ఈ తక్కువ స్పందనతో ముడిపడినదే. టీటీజీ అనే రక్తపరీక్షతో అది తెలుస్తుంది.

మేనరికం సంగతి. మీ అత్తగారి దిగులును కొట్టిపారేయను, ఎందుకంటే ఆమె అడిగినదాంట్లో ఒక నిజమైన లెక్క ఉంది. ప్రతి మనిషికీ రెండు హెచ్‌ఎల్‌ఏ గుత్తులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. అమెరికాలో 1989లో చేసిన పరీక్షలో, తక్కువ స్పందనతో ముడిపడిన ఒక గుత్తి రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి యాంటీబాడీ సరిగా రాలేదు. ఒక వైపు నుంచే వచ్చినవాళ్లు మామూలుగానే స్పందించారు. అంటే ఒక మంచి గుత్తి ఉంటే చాలావరకు అది పని నడిపిస్తుంది. దగ్గరి చుట్టరికపు పెళ్లిలో, ఒకే తాతముత్తాతల దగ్గర్నుంచి వచ్చిన ఒకే గుత్తి బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. పెరిగేది ఎంత? బయటి సంబంధమైతే దాదాపు లేనట్టే. మేనత్త కొడుకును చేసుకుంటే 16లో 1. మీ తల్లిదండ్రులు కూడా సొంత బావామరదళ్లని రాశారు, వరుసలు మీరు చెప్పినట్టే ఉంటే మీ బిడ్డకు అది 64లో 5, అంటే సుమారు 8 శాతం. మిగతా 92 శాతం అలా జరగదు. జరిగిన 8 శాతంలో కూడా ఆ గుత్తి తక్కువ స్పందన రకమే కావాలని లేదు, బాగా స్పందించే రకమూ కావచ్చు.

ఇంకో సంగతి. మీవి రెండూ తక్కువ స్పందన గుత్తులే అనుకున్నా, మీ నుంచి బిడ్డకు వెళ్లేది ఒకటే. రెండోది మీ భర్త నుంచి రావాలి. ఆయన టీకా వేయించుకుని, రెండు నెలల్లో టైటర్ బాగా వస్తే ఆయన దగ్గర కనీసం ఒక మంచి గుత్తి ఉండి ఉంటుందని అనుకోవచ్చు. ఎలాగూ మీ పని ఇలాంటిది కాబట్టి ఆయన టీకా వేయించుకోవడం మంచిదే. అత్తగారి దిగులుకు కూడా నా మాటకంటే కొడుకు రిపోర్టే గట్టి జవాబు.

బిడ్డ విషయంలో ఈ లెక్కలన్నిటికంటే పెద్ద సంగతి వయసు. పసిపిల్లలు ఈ టీకాకు పెద్దవాళ్లకంటే బాగా స్పందిస్తారు. కోర్సు పూర్తయిన శిశువుల్లో 95 శాతం పైగా రక్షణ పొందుతారు. అదీ హెచ్‌ఎల్‌ఏ రకాలతో పని లేకుండా, అన్ని రకాల పిల్లల్నీ కలిపి చెప్పిన లెక్క. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ అనే ఐదు జబ్బుల టీకాలో కలిపి మిగతా మూడు. మీరు హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్‌గా ఉన్నంతవరకు బిడ్డకు ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు, టైటర్ పరీక్ష కూడా అక్కర్లేదు. మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే, పుట్టిన రోజు డోసు. ఆదివారమనీ, వయల్ తెరవాలంటే పదిమంది పిల్లలు కావాలనీ వాయిదా వేయనివ్వకండి.

జన్యు పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు. హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ కిడ్నీ, ఎముక మజ్జ మార్పిడికి చేసే పరీక్ష. డబ్బు పెడితే మీకూ చేస్తారు, వేలల్లో అవుతుంది. దాంట్లో *03 లేదా *07 వచ్చిందనుకోండి, మీరు చేయాల్సింది రెండో కోర్సు పూర్తిచేయడమే. రాలేదనుకోండి, అప్పుడూ అదే. ఆ రకాలున్నవాళ్లలో చాలామంది మామూలుగానే స్పందిస్తారు కాబట్టి బిడ్డ గురించీ అది ఏమీ తేల్చదు. పైగా ఆ కాగితం ఇంట్లో 'లోపం' అనే మాటకు ముద్ర వేస్తుంది. తెలుసుకోవాలన్న కుతూహలం ఒక్కటే కారణమైతే మీ ఇష్టం. నా అభిప్రాయం అడిగితే ఆ డబ్బుతో ఇంట్లో అందరికీ టీకా, టైటర్ చేయించండి.

ఇప్పుడు డోసుల సంగతి. హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ రెండూ నెగెటివ్ వస్తే దారులు ఇవి. మామూలు దారి: ఈమధ్య వేసిన డోసును రెండో కోర్సులో మొదటిదిగా లెక్కేసి, రెండోది ఇప్పుడే, మూడోది ఆ మొదటిదాని నుంచి ఆరు నెలలకు. పెద్దల డోసు 20 మైక్రోగ్రాములు, 1 మిల్లీలీటరు, భుజంలో. నెల దాటిందని మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు. ఇది ప్రాణమున్న వైరస్ టీకా కాదు కాబట్టి గర్భిణులకు వేయవచ్చు, పాలిచ్చేటప్పుడూ వేయవచ్చు. మూడోది డెలివరీ రోజుల దగ్గరికి వస్తుంది, ఒకటి రెండు వారాలు అటూఇటూ అయినా నష్టం లేదు, తొందరపడి ముందుకు జరపకండి. టైటర్ ఆ తర్వాత 1 నుంచి 2 నెలల మధ్య. రెండో దారి, ఒక్కోసారి 40 మైక్రోగ్రాములు ఇవ్వడం. డయాలసిస్ రోగులకు ఇలా ఇస్తారని మీకు తెలిసిందే. మొండికేసిన టైటర్లలో కొందరు డాక్టర్లు దీన్ని వాడతారు, చర్మంలోపల కొద్దికొద్దిగా వేసే పద్ధతీ ఉంది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన, మరింత బలమైన అడ్జువెంట్ (టీకాకు స్పందనను పెంచే పదార్థం) కలిపిన టీకా కూడా ఒకటుంది. కడుపుతో ఉండగా ఈ ప్రత్యేక పద్ధతులకు దిగడంకంటే మామూలు కోర్సు పూర్తిచేసి, టైటర్ రాకపోతే ప్రసవం తర్వాత వీటి గురించి మీ డాక్టరుతో మాట్లాడటం నాకు సబబుగా తోస్తోంది. మూడో దారి, డెలివరీ అయ్యేదాకా ఏదీ వద్దనుకోవడం. అలా చేస్తే మరో నాలుగైదు నెలలు రక్షణ లేకుండా డయాలసిస్ యంత్రాల మధ్య తిరుగుతారు, వైరస్ సోకితే బిడ్డకూ ముప్పు. పనిచోటు మారితే తప్ప ఈ దారి వద్దు. కోర్సు పూర్తయ్యాక 10 దాటిందంటే ఆ కాగితం భద్రంగా దాచండి, ఆరోగ్యవంతులకు తర్వాత బూస్టర్లు అక్కర్లేదు.

ఉద్యోగం విషయంలో, ఫైల్‌లో ఉన్న మాటను ఎలాగోలా చెరిపేయించుకుందామని మీ స్నేహితురాలు ఇచ్చిన సలహా రాశారు. దయచేసి ఆ పని చేయకండి. రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుందనుకోండి, క్యాజువాలిటీ డాక్టరు ముందు చూసేది మీ టీకా రికార్డే. అందులో 'మూడు డోసులు పూర్తి' అని మాత్రమే ఉంటే, ఏమీ అక్కర్లేదని పంపేస్తారు. ఆ రాత్రి మీకు అందాల్సిన ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, అందదు. అలవెన్సు కోసం తీసుకునే ఆ ప్రమాదం మీ ఒక్కరిదే కాదు.

దాచకుండా మార్గం ఉంది. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి: మొదటి కోర్సుకు టైటర్ రాలేదు, రెండో కోర్సు నడుస్తోంది, ఫలానా నెలలో మళ్లీ పరీక్ష, అప్పటిదాకా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ రోగుల యంత్రం దగ్గర నన్ను వేయవద్దు. డయాలసిస్ యూనిట్లలో పాజిటివ్ రోగులకు విడి యంత్రం, విడి స్టాఫ్ ఉండాలన్నది ఎలాగూ ఉన్న నియమమే. టైటర్ ఉన్న స్టాఫ్‌ను అటు, మిమ్మల్ని ఇటు వేయడం ఏ ఇన్‌ఛార్జికీ కష్టం కాదు. అలవెన్సు కూడా నిలుస్తుంది. మీ యూనిట్‌లో షిఫ్టుకు ఇద్దరే ఉండి, ఆ విభజన కాగితం మీదే మిగులుతుందని మీకు తెలిస్తే, ప్రసవం దాకా వార్డుకు మారడం మేలు. లేబర్ రూమ్‌కు మాత్రం ఒప్పుకోకండి, రక్తం చిందే ప్రమాదం అక్కడా తక్కువేమీ కాదు. టీకా ఖర్చు మీ జేబులోంచి అడిగితే, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఆ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రిదేనని గుర్తుచేయండి.

చివరగా సూది గుచ్చుకుంటే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతుకుతుంది. రక్షణ లేనివాళ్లకు, వైరస్ ఎక్కువగా ఉన్న రోగి సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 30 శాతం, అంతకు మించి కూడా ఉంటుంది, హెచ్‌ఐవీకి అది 0.3 శాతం. గుచ్చుకున్న చోట సబ్బు, పారే నీళ్లతో కడగండి. పిండకండి, స్పిరిట్, బ్లీచ్ పోయకండి. వెంటనే రిపోర్టు చేసి, ఆ రోగి హెచ్‌బీఎస్‌ఏజీతోపాటు హెచ్‌ఐవీ, హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) కూడా చూడమనండి. రోగి పాజిటివ్ అయినా, ఎవరి సూదో తెలియకపోయినా మీకు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. కిలో బరువుకు 0.06 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోలుంటే 3.6 మిల్లీలీటర్లు, కండలోకి. 24 గంటల్లోపు మేలు, ఏడు రోజులు దాటితే దానిమీద ఆశ పెట్టుకోలేం. రెండో కోర్సు ఇంకా నడుస్తుండగా అయితే ఒక డోసు ఇమ్యునోగ్లోబులిన్, దాంతోపాటు మరో చోట టీకా. ఆరు డోసులూ అయ్యాక కూడా టైటర్ రాకపోతే, అప్పుడు ఇమ్యునోగ్లోబులిన్ రెండు డోసులు, నెల తేడాతో. గర్భిణులకూ ఇది ఇవ్వవచ్చు. ఖరీదైన మందు, ఫ్రిజ్‌లో ఉండాల్సింది, ప్రతి మెడికల్ షాపులో దొరకదు. మీ ఆసుపత్రి ఫార్మసీలో ఉందా, లేకపోతే వరంగల్, హన్మకొండల్లో రాత్రి పూట ఎక్కడ దొరుకుతుంది, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అనేది ఈ వారమే కనుక్కుని ఇన్‌ఛార్జి దగ్గరున్న రిజిస్టరులో రాయించండి.

ఇమ్యునోగ్లోబులిన్ పడ్డాక కొన్ని నెలలు టైటర్ చూస్తే అంకె 10 దాటి కనబడుతుంది. అది దాతల రక్తం నుంచి వచ్చిన యాంటీబాడీ, మీది కాదు. అది చూసి టీకా పనిచేసిందనుకుని మిగతా డోసులు ఆపేయకండి. మీ సొంత టైటర్ తెలియాలంటే ఆరు నెలలు ఆగాలి. గుచ్చుకున్నప్పుడు ఒకసారి, ఆరు నెలలకు మరోసారి హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ చేయించుకుంటే సోకిందో లేదో అప్పుడే తేలిపోతుంది.